తులం తీగతో గిటారు పికప్

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో బజారు వెంట నడిస్తే మోటారు వైండింగ్ షాపు కనిపించకపోదు. గుమ్మం ముందు కాలిపోయిన నీటి మోటార్లు, విప్పేసిన సీలింగ్ ఫ్యాన్లు. లోపల ఎర్రటి రాగి తీగ రీళ్లు, బల్లకు బిగించిన చేతి మిషను, దాని పక్కనే చుట్లు లెక్కపెట్టే మీటరు. సగం తెలుగు, సగం ఒడియా మాటల్లో బేరం నడుస్తూ ఉంటుంది. అకూస్టిక్ గిటారుకు సొంతంగా మాగ్నెటిక్ పికప్, అంటే తీగల కదలికను మైకు సెట్టుకు అందే సంకేతంగా మార్చే పరికరం, చేసుకోవాలనుకునేవారికి కావలసిన సరుకులో ముప్పాతిక వంతు ఆ ఒక్క షాపులోనే దొరుకుతుంది. చుట్టే చేతి పనితనమూ అక్కడే ఉంది.

అయినా అలా తీగ తెచ్చి చుట్టిన పికప్ చాలాసార్లు దుప్పటి కప్పుకుని పాడినట్టు పలుకుతుంది. పొరపాటు చుట్టిన చేతిది కాదు, ముందుగా వేసుకున్న లెక్కది. ఎలక్ట్రిక్ గిటారు కోసం పుట్టిన ఎనిమిది వేల చుట్ల లెక్కను యథాతథంగా తెచ్చి అకూస్టిక్ గిటారు మీద, ఊళ్లోని మైకు సెట్టు మీద రుద్దితే అది పొసగదు. బరంపురం నుంచి జయపురం దాకా ఉన్న పట్నాల్లో దొరికే తీగకు, అక్కడి సౌండు వాళ్ల దగ్గరుండే మిక్సరుకు సరిపోయే లెక్క వేరే ఉంది. పైగా అది సులువు కూడా.

ముందు అసలు సూత్రం. 1831లో ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణే పికప్‌కు మూలం. అయస్కాంతం దగ్గరున్న ఉక్కు తీగ తానూ కాస్త అయస్కాంతం అవుతుంది. అది కంపిస్తే కింద ఉన్న కాయిల్ గుండా పోయే అయస్కాంత క్షేత్రం పెరిగి తరుగుతూ ఉంటుంది. ఆ మార్పే కాయిల్‌లో కొద్దిపాటి వోల్టేజీని పుట్టిస్తుంది. చెక్క కంపాన్ని గానీ గాలిలోని శబ్దాన్ని గానీ పికప్ నేరుగా వినదు. దానికి తెలిసినదల్లా ఉక్కు కదలిక.

ఇది మొదట పనిచేసింది మామూలు గిటారు మీద కాదు, ఒళ్లో పెట్టుకుని ఉక్కు కడ్డీతో వాయించే హవాయి గిటారు మీద. అమెరికాలో జార్జ్ బీచమ్ తయారుచేసిన పికప్‌తో రికెన్‌బాకర్ సంస్థ 1930ల మొదట్లో ‘ఫ్రయింగ్ పాన్’ అనే లాప్ స్టీల్ గిటారును తెచ్చింది. దానికి పేటెంటు వచ్చింది 1937లో. బీచమ్ తొలి కాయిల్‌ను ఇంట్లోనే, వాషింగ్ మెషీన్ మోటారు సాయంతో చుట్టాడని చెబుతారు. ఆ లెక్కన మాగ్నెటిక్ పికప్ పుట్టుకతోనే ఇంటి తయారీ. హవాయి గిటారు కోల్‌కతా మీదుగా తూర్పు తీరానికి వచ్చి బెంగాల్‌లో, ఒడిశాలో స్థిరపడింది. తెలుగువారికి ఇంకా దగ్గరి ఉదాహరణ పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్. అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌పై కర్ణాటక గమకాలు అంత స్పష్టంగా పలకడంలో ఆయన చేతి మహిమ ఎంతైనా ఉంది. ఆ చేతిని సభ చివరి వరసదాకా మోసుకెళ్లింది మాత్రం పికప్పే.

అకూస్టిక్ గిటారుకు వచ్చేసరికి తీగల దగ్గరే మొదటి చిక్కు. మొదటి రెండు తీగలు వట్టి ఉక్కు. మూడు నుంచి ఆరు దాకా ఉన్నవి సన్నటి ఉక్కు కోర్ మీద కంచు తీగ చుట్టినవి. ఫాస్ఫర్ బ్రాంజ్ అంటే 92 పాళ్లు రాగి, 8 పాళ్లు తగరం. 80/20 అని అమ్మేది 80 పాళ్లు రాగి, 20 పాళ్లు జింకు, అంటే నిజానికి ఇత్తడి. రెండింటికీ అయస్కాంతంతో పనిలేదు. చేతికి ఎంత లావుగా తగిలినా, మూడో తీగలో పికప్‌కు కనిపించేది లోపలి కోర్ ఒక్కటే. మామూలు లైట్ సెట్టులో రెండో తీగ 0.016 అంగుళాల ముద్ద ఉక్కు. మూడో తీగ పైకి 0.024 అంగుళాలున్నా లోపలి ఉక్కు రెండో తీగ కన్నా బాగా సన్నం. అందుకే ఒక్కో తీగ కిందా ఉండే అయస్కాంత ధ్రువాలన్నీ ఒకే ఎత్తులో ఉన్న పికప్ పెడితే రెండో తీగ కేక పెడుతుంది, మూడోది గొణుగుతుంది. ఎలక్ట్రిక్ గిటారులో ఈ బాధ ఇంతగా లేదు, ఎందుకంటే అక్కడ చుట్టిన పై తీగ కూడా నికెల్ పూత వేసిన ఉక్కే. నైలాన్ తీగల గిటారు సంగతి వేరే చెప్పనక్కర్లేదు. దాని మీద ఏ మాగ్నెటిక్ పికప్పూ పలకదు.

రెండో చిక్కు షాపులో మొదలవుతుంది. పికప్ గురించిన సమాచారం ఎక్కువగా అమెరికా నుంచి వచ్చినదే. అందులో ‘42 గేజి తీగ’ అని ఉంటుంది. అది అమెరికా గేజి, మందం 0.063 మిల్లీమీటర్లు. మన వైండింగ్ షాపుల్లో నడిచేది బ్రిటిష్ వారు వదిలి వెళ్లిన ఎస్‌డబ్ల్యుజి గేజి. షాపులో ‘42 నంబరు’ అడిగితే చేతిలో పడేది 0.1 మిల్లీమీటరు తీగ. అంకె ఒకటే అయినా తీగను అడ్డంగా కోస్తే కనిపించే రాగి వైశాల్యం రెండున్నర రెట్లు. అమెరికా 42కు సమానమైనది కావాలంటే 46 నంబరు అడగాలి. ఫ్యాన్లు, పంపుసెట్లు చుట్టే షాపులో అంత సన్నం తీగ సాధారణంగా ఉండదు. దాన్ని వాడే పనే అక్కడ రాదు. దొరికినా, తల వెంట్రుకంత సన్నటి ఆ తీగను చేతి మిషను మీద ఎనిమిది వేల చుట్లు తెగకుండా తిప్పడం మాటలు కాదు.

తేడా తెలియక 0.1 మిల్లీమీటరు తీగతో మొదలుపెడితే, మామూలు పికప్ బాబిన్, అంటే తీగ చుట్టే చట్రం, మూడు వేల చుట్లు దాటుతూనే నిండిపోతుంది. అది రెంటికీ చెడ్డ రేవడి. గిటారు ఆంప్లిఫైయర్‌కు పెడితే చాలినంత బలం ఉండదు, మైకు ఇన్‌పుట్‌కు పెడితే మెరుపు ఉండదు. ఈ రెండో మాట ఎందుకో చూస్తే అసలు పరిష్కారం దానంతట అదే బయటపడుతుంది.

కాయిల్‌కు రెండు గుణాలుంటాయి. ఒకటి తీగ రెసిస్టెన్సు. రెండోది ఇండక్టెన్సు, అంటే వేగంగా మారే సంకేతాన్ని అడ్డుకునే గుణం. ఫెండర్ స్ట్రాటోకాస్టర్ పికప్‌లాంటిది తీసుకుంటే దాదాపు 8,000 చుట్లు, ఆరు వేల ఓమ్‌ల రెసిస్టెన్సు, రెండున్నర హెన్రీల ఇండక్టెన్సు ఉంటాయి. కిలోమీటరుకు పైగా తీగ. ఇలాంటి కాయిల్ తన కింద పది లక్షల ఓమ్‌ల ఇన్‌పుట్ ఉంటుందని నమ్ముకుని తయారైంది. గిటారు ఆంప్లిఫైయర్‌లో అది ఉంటుంది. పెళ్లి పందిరికో, క్రిస్మస్ ఆరాధనకో, వినాయక మండపానికో వచ్చే మైకు సెట్టులో ఉండేది వేరు. అక్కడ మిక్సరు మైకు ఇన్‌పుట్ రెండు వేల ఓమ్‌ల చుట్టుపక్కల, లైన్ ఇన్‌పుట్ పదివేల ఓమ్‌ల చుట్టుపక్కల ఉంటాయి.

కాయిల్ రెసిస్టెన్సును ఇన్‌పుట్ రెసిస్టెన్సుతో కలిపి, దాన్ని ఇండక్టెన్సుకు 6.28 రెట్లతో భాగిస్తే, ఏ ఫ్రీక్వెన్సీ దాటాక శబ్దం తగ్గిపోవడం మొదలవుతుందో తెలుస్తుంది. ఎనిమిది వేల చుట్ల పికప్‌ను లైన్ ఇన్‌పుట్‌లో పెడితే వచ్చే అంకె వెయ్యి హెర్ట్జ్. మైకు ఇన్‌పుట్‌లో పెడితే అయిదువందలు. గిటారు మొదటి తీగ ఖాళీగా మీటితేనే 330 హెర్ట్జ్. దాని మెరుపంతా రెండు వేల నుంచి ఆరేడు వేల హెర్ట్జ్ దాకా ఉన్న అనుస్వరాల్లో (హార్మోనిక్స్‌లో) ఉంటుంది. అవన్నీ పికప్ లోపలే ఆగిపోతాయి. మూడు వేల చుట్ల రేవడి కూడా మైకు ఇన్‌పుట్‌లో 1,300 హెర్ట్జ్ దాటి సరిగా పోదు. సౌండు అబ్బాయి ట్రెబుల్ ఎంత తిప్పినా అప్పుడు పెరిగేది బుస మాత్రమే.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటి ఉంది. ఇండక్టెన్సు చుట్ల సంఖ్యకు వర్గంగా పెరుగుతుంది, వోల్టేజీ మాత్రం చుట్లకు సరిసమానంగానే పెరుగుతుంది. చుట్లను ఎనిమిదో వంతుకు తగ్గిస్తే శబ్దం ఎనిమిదో వంతు అవుతుంది, అడ్డంకి మాత్రం అరవై నాలుగో వంతుకు పడిపోతుంది. ఈ బేరంలో లాభం మనవైపే. షాపులో దొరికే 42 నంబరు తీగతో వెయ్యి చుట్లు చుట్టితే కావలసిన తీగ 140 మీటర్లు. బరువు పది గ్రాములు, ఈనాటి బంగారం లెక్కలో ఒక తులం. రెసిస్టెన్సు 300 ఓమ్‌లు. ఇండక్టెన్సు ఇంచుమించు 40 మిల్లీహెన్రీలు. దీన్ని రెండు వేల ఓమ్‌ల మైకు ఇన్‌పుట్‌లో పెడితే తొమ్మిది వేల హెర్ట్జ్ దాకా శబ్దం నిలబడుతుంది. ఉక్కు స్క్రూలు కొంత ఇండక్టెన్సు పెంచినా ఆరు వేలకు తగ్గదు. అకూస్టిక్ గిటారుకు అది ధారాళంగా చాలు.

తగ్గిన శబ్దం సంగతి ఏమిటి? ఎనిమిదో వంతు అంటే 18 డెసిబెళ్లు తక్కువ. మైకు ఇన్‌పుట్ ఉన్నదే కొన్ని మిల్లీవోల్టుల సంకేతాన్ని వంద, వెయ్యి రెట్లు చేయడానికి. 300 ఓమ్‌ల కాయిల్ అంటే పాటగాడి చేతిలోని డైనమిక్ మైకుకు దాయాదే. మిక్సరుకు ఆ రెండింటికీ తేడా తెలియదు. ఇంకో మేలు కేబుల్ విషయంలో. గిటారు కేబుల్ మీటరుకు దాదాపు వంద పికోఫారడ్‌ల కెపాసిటెన్సు మోస్తుంది. ఎక్కువ చుట్ల పికప్‌కు అయిదారు మీటర్లు దాటితే మెరుపు కరిగిపోతుంది. తులం తీగ పికప్ ముప్పై మీటర్ల మైకు వైరు మీద కూడా చెక్కుచెదరదు. మైదానంలో వేదిక ఒక మూల, మిక్సరు ఇంకో మూల ఉండే ఊళ్లలో ఇది పెద్ద సుఖం. కొత్తగా కనిపెట్టిన సంగతీ కాదిది. అమెరికా గిటారిస్టు లెస్ పాల్ తన సొంత గిటార్లకు తక్కువ చుట్ల పికప్‌లనే కోరుకున్నాడు. గిబ్సన్ సంస్థ 1971లో తెచ్చిన ‘లెస్ పాల్ రికార్డింగ్’ గిటారులో ఉన్నవి అలాంటివే. ఆంప్లిఫైయర్లు వేరే దారి పట్టడంతో ఆ పద్ధతి లోకంలో వెనకబడిపోయింది. మైకు సెట్టే రాజ్యమేలే చోట అదే ముందుండాలి.

తక్కువ చుట్లు తీర్చలేని సమస్య హమ్మింగ్. కరెంటు వైర్ల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాన్ని కాయిల్ తీగ శబ్దంతోపాటే పట్టుకుంటుంది. చుట్లు తగ్గిస్తే రెండూ కలిసే తగ్గుతాయి, వాటి నిష్పత్తి మారదు. 50 హెర్ట్జ్ అంటే ‘జి’ స్వరానికి, అంటే 49 హెర్ట్జ్‌కు, ఒక పిసరు పైన. దాని రెట్టింపు 100 హెర్ట్జ్ ఆరో తీగ మూడో మెట్టు పక్కనే వచ్చి కూర్చుంటుంది. జి మేజర్ పట్టినప్పుడల్లా గిటారు శ్రుతి తప్పినట్టు చెవికి తోచడానికి ఇదొక కారణం కావచ్చు. ఠాకురాణి యాత్ర రోజుల్లో బరంపురం వీధుల్లోలాగా రంగు దీపాల తోరణాలు కట్టిన చోట ఈ గోల ఇంకా ముదురుతుంది.

దీనికి మందు 1950ల్లో గిబ్సన్‌లో సేత్ లవర్ రూపొందించిన హంబకర్. ఎదురెదురుగా కలిపిన రెండు కాయిల్స్‌లో బయటి హమ్మింగ్ ఒకదానికొకటి కొట్టేసుకుంటుంది. ఇంటి తయారీకి మాత్రం ఫెండర్ 1957లో ప్రెసిషన్ బాస్‌కు పెట్టిన చీలిక కాయిల్ పద్ధతి మేలు. ఒక చిన్న కాయిల్ ఆరు, అయిదు, నాలుగో తీగల కింద, ఇంకొకటి మూడు, రెండు, ఒకటో తీగల కింద. ఒక్కోటి వెయ్యి చుట్లు. చుట్టు పొడవు సగమే కాబట్టి మొత్తం తీగ మళ్లీ తులమే, పైన వేసిన లెక్కలన్నీ దాదాపు అలాగే నిలుస్తాయి. ఇందులో ఉన్న గొప్ప వెసులుబాటు పొరపాటును క్షమించడం. ప్రతి తీగను వినేది ఒక్క కాయిలే కనుక, రెండు కాయిల్స్ ఎలా కలిపినా తీగల శబ్దం పోదు. మారేది హమ్మింగ్ ఒక్కటే. కలిపాక పికప్‌ను ఏదైనా ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్ దగ్గరకు తీసుకువెళ్లి వినాలి. గోల పెరిగితే ఒక కాయిల్ కొసలు రెండూ తారుమారు చేస్తే సరి. చుట్టిన దిశ గుర్తులేదని మళ్లీ విప్పనక్కర్లేదు.

బాబిన్‌కు పెద్ద హంగు అక్కర్లేదు. రెండు పలకలు, వాటి మధ్య అయిదు మిల్లీమీటర్ల సందు, పలకలను కలుపుతూ మూడేసి స్క్రూలు. సౌండ్ హోల్ దగ్గర మొదటి తీగకూ ఆరో తీగకూ మధ్య దూరం చాలా గిటార్లలో 50 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఎవరి గిటారు వారే కొలుచుకోవాలి. పలకకు సన్మైకా ముక్కయినా, గట్టి ప్లాస్టిక్ అయినా పనికొస్తుంది. పర్లాకిమిడిలో కొమ్ము పని పేరున్న కళ. ఆ పనివారి దగ్గర మిగిలిపోయిన పలుచటి కొమ్ము ముక్క దొరికితే అంతకన్నా అందమైన పలక ఉండదు. విద్యుత్తు పారదు, రంధ్రం నున్నగా పడుతుంది, గిటారు చెక్క పక్కన చూడముచ్చటగా ఉంటుంది. స్క్రూలు మాత్రం మామూలు ఇనుపవే కావాలి. తుప్పు పట్టవని స్టీలు సామాన్ల స్టెయిన్‌లెస్ రకం వేస్తే చాలావాటికి అయస్కాంతం అంటుకోదు. కొనేముందే అయస్కాంతం పెట్టి చూసుకోవడం మంచిది. చుట్టే ముందు స్క్రూలకు ఒక వరస టేపు వేయకపోతే మరలు తీగ మీది ఎనామెల్ పూతను గీకేసి చుట్లు షార్ట్ అవుతాయి.

స్క్రూల అడుగున అయస్కాంతం. పాత స్పీకరు ఫెర్రైట్ ముక్క చాలు. నియోడిమియం అయస్కాంతం గురించి ఒక హెచ్చరిక అవసరం. అది గోరంత ఉన్నా లాగే బలం చాలా ఎక్కువ. తీగకు మరీ దగ్గరైతే దాని కంపాన్నే వంచేస్తుంది. శ్రుతి చేసినా కుదరనట్టు, ఒకే స్వరం రెండుగా వణికినట్టు వినిపిస్తుంది. పైగా మామూలు రకం 80 డిగ్రీల సెల్సియస్ దాటితే బలం కోల్పోతుంది. టంకం పనంతా అయ్యాకే దాన్ని అతికించాలి.

ఇప్పుడు మొదటి చిక్కు దగ్గరకు మళ్లీ రావాలి. స్క్రూలు వాడినందుకు అసలు ఫలితం ఇక్కడే దక్కుతుంది. రెండో తీగ స్క్రూను బాగా కిందికి దించి, మూడోదాన్ని పైకి లేపి, ఒక్కో తీగనూ ఒకే బలంతో మీటుతూ చెవితో సరిచూసుకోవాలి. రెండో తీగ అప్పటికీ తగ్గకపోతే ఆ స్క్రూను పూర్తిగా తీసేయవచ్చు. పక్క ధ్రువాల క్షేత్రమే దానికి సరిపోతుంది. ఎలక్ట్రిక్ గిటారు తీగల సెట్టు వేస్తే ఈ తంటా ఉండదని కొందరి సలహా. ఆ సెట్టులో మూడో తీగ కూడా వట్టి ఉక్కే. కాబట్టి గోల రెండో తీగ నుంచి మూడోదానికి మారుతుంది, అంతే. గిటారు సొంత గొంతు కూడా సన్నబడుతుంది. కంచు తీగలే ఉంచి స్క్రూలతో సర్దుకోవడం నయం.

చుట్టిన కాయిల్ లోపల తీగలు వదులుగా ఉంటే పెద్ద శబ్దానికి అవే వణికి కూత పెడతాయి. అందుకని మైనంలో ముంచాలి. కొవ్వొత్తి మైనం నాలుగు పాళ్లు, తేనె మైనం ఒక పాలు. తేనె మైనం పగుళ్లు రాకుండా పట్టి ఉంచుతుంది, ఈ కొండల చుట్టుపక్కల సంతల్లో దొరకని వస్తువూ కాదు. నేరుగా మంట మీద కరిగించకూడదు, మైనం ఆవిరి అంటుకుంటుంది. వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి, 65 డిగ్రీలు దాటకుండా, బుడగలు రావడం ఆగేదాకా ఉంచాలి. వైండింగ్ షాపు వార్నిష్ కూడా ఈ పని చేస్తుంది గానీ, తర్వాత కాయిల్ తెగితే విప్పి చూసే అవకాశం ఉండదు. తొలి ప్రయత్నానికి మైనమే దిక్కు.

కాయిల్ రెండు కొసలూ మూడు కాళ్ల మైకు పిన్నులో (ఎక్స్‌ఎల్‌ఆర్) రెండు, మూడు నంబర్లకు, కాయిల్ చుట్టూ చుట్టిన రాగి రేకు ఒకటో నంబరుకు. రేకు కొసలు ఒకదానికొకటి తాకకుండా సన్నటి సందు వదలాలి. పూర్తి వలయమైతే అదే ఒక చుట్టుగా మారి మెరుపును మింగేస్తుంది. ఇలా కలిపితే మిక్సరులో కండెన్సర్ మైకుల కోసం 48 వోల్టులు ఆన్ చేసి ఉన్నా కాయిల్ రెండు కొసలకూ ఒకే వోల్టేజీ అందుతుంది, దాని గుండా కరెంటు పారదు. పాత సెట్లలో పీ-38 పిన్ను (పావు అంగుళం జాక్) మాత్రమే ఉంటే ఒక కొసను రేకుతో కలిపేయాలి, ఆ పిన్ను మీద వోల్టేజీ లేదని ముందు మీటరుతో చూసుకోవాలి. ఎలక్ట్రిక్ గిటారులోలాగా తీగలను ఎర్త్‌కు కలపాలన్న సలహాను ఇక్కడ పాటించకపోవడమే క్షేమం. ఎర్తింగ్ సరిగా లేని పందిళ్లలో, ఒక చేయి తీగల మీద, పెదవి మైకు మీద ఉన్న మనిషికి షాక్ తగిలే దారి అదే.

సౌండ్ హోల్ అంచులకు కార్కు ముక్కలు అతికించి పికప్‌ను మధ్యలో ఇరికిస్తే గిటారుకు ఒక్క రంధ్రం కూడా పెట్టనక్కర్లేదు. తీగకూ స్క్రూ తలకూ మధ్య నాలుగు మిల్లీమీటర్ల దూరంతో మొదలుపెట్టవచ్చు. మల్టీమీటరు పెట్టగానే 300 ఓమ్‌ల దరిదాపు అంకె కనిపించాలి. ఏమీ చూపకపోతే తీగ ఎక్కడో తెగింది. సగం కన్నా తక్కువ చూపితే ఎనామెల్ గీసుకుపోయి చుట్లు కలిసిపోయాయి. రెండు సందర్భాల్లోనూ పోయేది తులం రాగి, అరగంట పని. వైండింగ్ షాపులో మళ్లీ చుట్టించుకోవచ్చు. ఎనిమిది వేల చుట్ల పికప్ తెగినవారికి ఆ సౌకర్యం లేదు.